ముట్టని నీళ్లు

ఒడోకిని జైలు నుంచి వదిలేశారని గులు సంతలో విన్నప్పటి నుంచి లాలామ్‌కు కంటి మీద కునుకు లేదు.

దొంగతనానికి లోపలికెళ్లాడు, వదిలారు. కత్తిపోటుకు వెళ్లాడు, వదిలారు. ఆఖరికి లాలామ్ మొగుణ్ణి చంపి వెళ్లాడు. లోపల బుద్ధిగా ఉన్నాడట, మళ్లీ వదిలారు!

"సాక్ష్యం చెప్పావు కదూ, నీకోసం వస్తా" అని కోర్టులో అందరి ముందే అరిచినవాడు వాడు.

"అలాంటివాణ్ణి చచ్చేదాకా లోపలే ఉంచాలి వదినా" అన్నాడు మరిది ఒబ్వోనా. "చేదువేరు రసం తాగి రాజీ పడదామని వాడి తరఫువాళ్లు కబురంపితే ఉమ్మేసి పంపాను."

మర్నాడు పొద్దున్నే ఆమె గుడిసె ఎదుట, మామిడిచెట్టు కింద, ఎవరో ముసలాయన పీట వేసుకుని కూర్చున్నాడు. చేతిలో కర్ర. ముఖం దారివైపు, వీపు గుడిసెవైపు.

"ఏ ఊరు తాతా?"

"ఏటి అవతల తల్లీ. కాసేపు ఈ నీడన కూర్చుంటాను."

ఆ కాసేపు చీకటి పడేదాకా సాగింది. తెల్లారేసరికి మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

లాలామ్ సొరబుర్రలో నీళ్లు తెచ్చింది.

"వద్దమ్మా."

నువ్వుల ముద్ద పూసి చిలగడదుంప తెచ్చింది. తల అడ్డంగా ఊపాడు. ఎండకు పెదాలు పగిలిపోతున్నా వద్దనే అన్నాడు.

"ఒడోకిని వదిలారట, విన్నావా తాతా?"

"విన్నాను. వదలకుండా ఉండాల్సింది."

"బుద్ధిగా ఉన్నాడట మరి!"

"గోడల మధ్య వాడెప్పుడూ బుద్ధిమంతుడే తల్లీ."

"నీకెలా తెలుసు?"

ముసలాయన కర్ర సర్దుకుని మళ్లీ దారివైపు చూశాడు. లాలామ్ పరుగున వెళ్లి మరిదికి చెప్పింది.

"నీళ్లు కూడా ముట్టలేదా?" ఒబ్వోనా ఎగిరిపడ్డాడు. "ఇంకేముంది, వాడు పంపిన మనిషే! నువ్వు ఒంటరిగా ఎప్పుడుంటావో చూసిపోతున్నాడు."

లాలామ్ కేక పెట్టింది. చుట్టుపక్కలవాళ్లంతా పరిగెత్తుకొచ్చారు.

"లేవయ్యా ముసలోడా! ఎవరు పంపారు నిన్ను?"

"ఎవరూ పంపలేదు బాబూ. కొన్నాళ్లు ఇక్కడ ఉండనివ్వండి."

"ఉండి ఏం చేస్తావ్? కాపలా కాస్తావా?"

అందరూ పగలబడి నవ్వారు. ఎవరో పీట విరగ్గొట్టారు. ఆయన కర్ర తీసుకుని కదిలాడు. వెళ్తూ వెళ్తూ లాలామ్ వైపు తిరిగాడు.

"చీకటి పడకముందే గడియ పెట్టుకో తల్లీ."

"చూశావా, ఎలా బెదిరిస్తున్నాడో!" అన్నాడు ఒబ్వోనా.

పొద్దువాలుతుండగా ఏటివైపు నుంచి కేకలు వినిపించాయి. అందరితోపాటు లాలామ్ కూడా పరిగెత్తింది.

రేవు దగ్గర ఒడోకిని చెట్టుకు కట్టేస్తున్నారు. దారికి అడ్డంగా, నెత్తుటి మడుగులో ముసలాయన పడి ఉన్నాడు.

"కత్తి పట్టుకుని మీ ఇంటికే బయల్దేరాడు" అన్నాడు చేపలు పట్టే అతను. "పొడిచినా సరే, మేం వచ్చేదాకా ఈ పెద్దాయన వాడి కాళ్లు వదల్లేదు."

లాలామ్ అతని చేతిలోని సొరబుర్ర లాక్కుంది. ఏట్లో నీళ్లు ముంచి ముసలాయన నోటి దగ్గర పెట్టింది.

"తాగు తాతా! నీ కాళ్లు మొక్కుతాను, ఇప్పుడైనా తాగు!"

ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"కూడదు తల్లీ. చంపినవాడి ఇల్లూ పోయినవాడి ఇల్లూ కలిసి చేదువేరు తాగేదాకా, నీ చేతి నీళ్లు నేను ముట్టకూడదు... వాడు నా కొడుకమ్మా."