ఒక్క మాటా వదలని శ్రోత

చిప్ డన్‌లీవీ రేడియోలో గొంతు సవరించుకున్నాడు. వాండా పెన్సిల్ అందుకుని రేడియో సౌండు ఇంకాస్త పెంచింది.

"మిత్రులారా, మన ఊరి లైబ్రరీలో పసిపిల్లల చేత చంద్రుడికి మొక్కిస్తున్నారట. నేను అనడం లేదు సుమా! అడుగుతున్నానంతే."

"అడుగు నాయనా, అడుగు," అంది వాండా. "గ్రహణం చూపిద్దామని పిల్లల్ని బయటికి తీసుకెళ్లారు. మొక్కడం కాదురా, తలెత్తి చూడ్డం. నువ్వూ ఎత్తి ఉంటే నీకూ కనిపించేది."

ఒహాయోలోని ఆ చిన్న ఊళ్లో మధ్యాహ్నం కాగానే చిప్ నోరు తెరుస్తాడు. అబద్ధానికి కాస్త నిజం పూత పూసి వదులుతాడు. మధ్యమధ్య పాతికేళ్లయినా పాడవని చిక్కుడుగింజల డబ్బాలు అమ్ముతాడు. బడిలో ఫ్రీజర్ చెడిపోయి ఆ వారం మాంసం వండకపోతే, ప్రభుత్వం మాంసాన్ని నిషేధించిందన్నాడు. ఆ డబ్బాలు ఆ వారం బాగానే అమ్ముడుపోయి ఉంటాయి.

వాండా రిటైరైన టీచరు. ఒకప్పుడు పరీక్ష పేపర్లు దిద్దిన చెయ్యి ఇప్పుడు చిప్‌ని దిద్దుతోంది. వాడన్నదేమిటో, జరిగిందేమిటో రాసి, ఆధారాలు జతచేసి స్టేషనుకీ, ఊరి పత్రికకీ పంపుతుంది. శనివారం పాతవి మళ్లీ వేసినా వింటుంది, మొదటిసారి జారిపోయింది అప్పుడైనా దొరుకుతుందని. చిప్ ఏనాడూ ఒక్క ముక్క సరిదిద్దుకోలేదు. సిగ్గుంటే కదా.

సోఫాలో చెల్లెలు లొరేన్ ముడుచుకుని కూర్చుంది. ప్లేటులో గసగసాల రొట్టె అలాగే ఉంది.

"కాస్త తగ్గించక్కా. తల పగిలిపోతోంది."

"తగ్గిస్తే వీడు నమిలి మింగేసే మాటలు దొరకవే. అయినా నువ్వెందుకు రోజూ వచ్చి ఈ కుళ్లంతా వింటావు?"

"ఇంట్లో ఒక్కదాన్నే వినే ధైర్యం లేదు. వినకుండానూ ఉండలేను. ఇవాళ నన్నేమంటాడో తెలియాలి కదా."

లొరేన్ ఎన్నికల ఆఫీసులో గుమాస్తా. పోయిన ఎన్నికల్లో సిరా అలుక్కుపోయిన బ్యాలెట్ల దగ్గర ఓట్లు లెక్కపెట్టే యంత్రం మొరాయించింది. లెక్కను సున్నాకు తెచ్చి, రెండు పార్టీల మనుషుల ఎదుటే బ్యాలెట్లన్నీ మళ్లీ మొదటినుంచి అందులో వేశారు. వాళ్లు సంతకాలు కూడా పెట్టారు. చిప్ మాత్రం, "ఒకే ఓట్లను రెండుసార్లు వేసిన ఆ మహాతల్లి ఎవరండీ? అడుగుతున్నానంతే," అన్నాడు. మర్నాడు పేరు కూడా చెప్పాడు.

అప్పటినుంచి లొరేన్ ఆఫీసుకు సెలవు పెట్టింది, ఇంటి కిటికీ తెరలు తియ్యడం లేదు. కిరాణా కొట్లో ఒకడు మొహం మీదే దొంగ అన్నాడు. ఫోన్లో ఏమేం అంటున్నారో అక్కకు కూడా చెప్పదు. ఈమధ్య నడుముకు అగ్గిపెట్టెంత నల్ల డబ్బీ తగిలించుకుని తిరుగుతోంది. అదేమిటే అంటే, "పైకి చెప్పుకునేది కాదులే," అంది. గుండెదడకు డాక్టరు ఇచ్చి ఉంటాడని వాండా ఇంక కదపలేదు.

"వాడుంటే ఈ ఊళ్లో నేనుండలేనక్కా. ఇల్లు అమ్మేసి ఎటైనా పోతాను."

"పోయేది వాడే, చూస్తూ ఉండు."

వాండా ఊరికే అనలేదు. స్టేషనుతో చిప్ ఒప్పందం గడువు ఈ నెలతో సరి. పరుపుల కొట్టువాళ్లు ప్రకటనలు మానేశారు. శ్రోతలు పెరగకపోతే వాణ్ని సాగనంపుతామని స్టేషను మేనేజరు గ్రెగ్ స్టౌట్ స్వయంగా అన్నాడు. గ్రెగ్ వాండా దగ్గర చదువుకున్నవాడే. ఆవిడ పంపిన కాగితాల సంగతి అడిగితే మాత్రం, "నిజమో కాదో నాకెందుకండీ, జనం వింటున్నారా లేదా అంతే," అనేవాడు. ఏం నేర్పానురా నీకు అని వాండా బాధపడేది.

ఫోన్ మోగింది. గ్రెగ్. చెల్లెలికి కూడా వినబడాలని వాండా స్పీకర్లో పెట్టింది.

"టీచర్‌గారూ, మీకు చేదు వార్త. చిప్ ఉంటున్నాడు. ఇంకో రెండేళ్లు."

లొరేన్ చేతిలోంచి ప్లేటు జారింది.

"ఏం చూసి ఉంచుతున్నార్రా వాణ్ని?"

"శ్రోతలు పెరిగారండీ."

"ఎవరా తలమాసినవాళ్లు? పనీపాటా లేకుండా వాడి వాగుడు వినే బుద్ధిహీనులు ఈ ఊళ్లో ఇంకా ఉన్నారా?"

గ్రెగ్ నవ్వాడు. "అందరినీ లెక్కపెట్టరు టీచర్‌గారూ. లెక్కల కంపెనీవాళ్లు ఊళ్లో కొద్దిమందిని ఎంచుకుని, ఒంటిమీద ఉంచుకునే చిన్న యంత్రం ఇస్తారు. పక్కన ఏ రేడియో మోగితే దాన్ని పట్టేస్తుంది. మెచ్చుకుంటూ విన్నారా, తిట్టుకుంటూ విన్నారా దానికనవసరం. ఒక్కొక్కరు వెయ్యిమందితో సమానం. వాళ్లెవరో మాకూ చెప్పరు, వాళ్లూ ఎవరికీ చెప్పకూడదు. కానీ ఈసారి ఒకరు తగిలారు చూడండీ! రోజూ మొదటినుంచి చివరిదాకా. శనివారం వేసే పాతవి కూడా వదల్లేదు. అలాంటి అభిమాని ఒక్కరుంటే చాలు మాకు."

"అభిమాని కాదురా, మెదడు తాకట్టు పెట్టిన వెధవ!" వాండా ఫోన్ పెట్టేసింది. "ఆ దరిద్రుడెవడో నా కంటబడాలి, చెప్తాను. నీ చేత ఇల్లు అమ్మిస్తున్నది చిప్ కాదే, వాడు!"

లొరేన్ పాలిపోయిన మొహంతో నడుముకున్న నల్ల డబ్బీని ఊడదీసి, ఇంకా వాగుతున్న రేడియో పక్కన పెట్టి, "మా ఇంట్లో నేను పెట్టుకునే రేడియోనే లెక్కనుకున్నాను, నీ ఇంట్లో మోగేదాన్నీ పట్టేస్తుందనుకోలేదక్కా," అంది.