తెలుసు, తెలిసొచ్చింది, అర్థమైంది

హీరో క్రాంతికుమార్ జూబ్లీహిల్స్ ఇంట్లో ఏడవడానికి అన్నీ సిద్ధం. తెల్ల లాల్చీ, వెనక తెల్ల గోడ, పక్కన గ్లిసరిన్ సీసా. ఇంగ్లీషొక్కటే దారికి రావడం లేదు.

“ఐ నో దిస్ ఆయిల్ ఈజ్ బ్యాడ్,” అన్నాడు కెమెరా వైపు దీనంగా చూస్తూ.

“కట్, కట్!” మేనేజర్ మనోజ తల పట్టుకుంది. “తబితా మేడమ్, జర మీరే చూడండి.”

తబిత మోతీనగర్‌లో ఇంగ్లీషు ట్యూషన్లు చెప్తుంది. పొద్దున్నే కారు పంపి మరీ పిలిపించారు. ఏదో జుట్టు నూనెకి ప్రచారం చేసినందుకు సారు దేశానికి చెప్పుకోవాల్సిన క్షమాపణట. రాసుకుంటే ఉన్న జుట్టూ ఊడుతుందట. నూనె పేరడిగితే, “మీకెందుకండీ,” అన్నారు. ఒక్క మాట జారినా కెరీర్‌కి మంగళమే, పైన కేసు కూడానని లాయరు బెదిరించి వెళ్లాడు.

“‘నో’ అనకూడదు సార్. ముందునుంచే తెలుసన్నట్టు వస్తుంది. తెలిసి చేశారంటారు.”

“అలవాటండీ. ఇన్ని సినిమాలూ ‘ఐ నో’తోనే నెట్టుకొచ్చాను.”

“ఇక్కడ ‘రియలైజ్’ అనాలి. అంటే నిన్నటిదాకా పాపం తెలీదు, ఇవాళే కళ్లు తెరుచుకున్నాయి అని.”

“భలే మాటండీ! మరి అండర్‌స్టాండ్?”

“అది ఎదుటివాళ్ల బాధకి. ‘ఐ అండర్‌స్టాండ్ యువర్ పెయిన్’. బాధ అర్థమైందంటారు. బాధ పెట్టింది నేనే అని మాత్రం అనరు.”

“మేడమ్, మీరు లాయరు కావాల్సినోళ్లు,” అంది మనోజ.

క్రాంతికుమార్ విగ్గు సర్దుకున్నాడు. “జుట్టు ఊడినవాళ్ల పేరొక్కటి చెప్పమ్మా. ఫీల్ వస్తుంది.”

“ఉంటరు సార్, ఎవరో ఒకరు. మీరు కానియ్యండి,” అంది మనోజ.

మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ ‘నో’. మళ్లీ కట్. మధ్యాహ్నం భోజనాలు చల్లారిపోయాయి. అయినా సారు విసుక్కోలేదు. తప్పు ఒప్పుకోవడానికి ఇంత కష్టపడే మనిషిని తబిత చర్చిలో కూడా చూడలేదు. తెగ జాలేసింది.

చివరికి కుదిరింది. ‘రియలైజ్’ దగ్గర గొంతు పూడుకుపోయింది. ‘పెయిన్’ దగ్గర కన్నీటి బొట్టు, చెప్పినట్టే, కెమెరా ఉన్న వైపే జారింది. తబిత కూడా చున్నీతో కళ్లొత్తుకుంది.

“సూపర్ సార్! ఇది భద్రంగ దాచిపెడత,” అంది మనోజ, “ఇగ రేపు ఆ నూనె యాడ్ ధైర్యంగా షూటింగ్ చేస్కోవచ్చు.”