సగం గడ్డి, సగం ఏరు

అడవిలో ఏటికి ఇవతల ఇళ్లు, అవతల మేత. కుందేళ్లూ ఉడతలూ రోజూ గేదె రంగమ్మ వీపెక్కి ఏరు దాటేవి. అందుకని ఆమెకు సింహరాజుగారి వాము నుంచి రోజుకు రెండు మోపుల గడ్డి వచ్చేది.

కొత్తగా మంత్రి అయిన కొంగ కన్ను ఆ గడ్డి మీద పడింది. "పొద్దున అందర్నీ దింపి ఖాళీగానే తిరిగొస్తుంది కదా, రెండో మోపు దండగ! అసలు ఏరు దాటడానికి గేదె ఎందుకండీ, హాయిగా ఎగరక?" అని ఒక మోపుకు కోత పెట్టింది.

ఇక సగం కడుపుతో నడి ఏట్లోకి వచ్చేసరికి రంగమ్మ కాళ్లలో సత్తువ అయిపోయేది. అక్కడే కూలబడి, ఓపిక వచ్చాక లేచేది. అందాకా కుందేళ్లు పీకల్లోతు నీళ్లలో ఒకదాని చెవులు ఒకటి పట్టుకుని వణికేవి.

ఇంత పొదుపు చేసినందుకు మంత్రిగారికి అవతలి గట్టున సన్మానం చేశారు. మెడలో పదిహేను దండలు పడ్డాయి. ఇంటికి ఎగరబోతే రెక్కలు లేవలేదు. దండలు తీసేద్దామంటే మనసు రాలేదు.

"ఏం రంగమ్మా, కాస్త ఇంటివైపు దింపుతావా?" అంది కొంగ.

"ఎక్కండి మంత్రిగారూ."

నడి ఏట్లో రంగమ్మ ఎప్పటిలాగే కూలబడింది. దండలు నీళ్లు తాగి బరువెక్కాయి.

"లే! లే! ఒడ్డు అదుగో, కనబడటంలా?" అని కొంగ కేకలు పెట్టింది.

"కనబడుతోందండీ," అంది రంగమ్మ రొప్పుతూనే, ఎంతో మర్యాదగా. "తమరు మంజూరు చేసిన గడ్డి ఇక్కడివరకే వచ్చింది."