ఆదివారం నాటి అప్‌గ్రేడ్

తెర మీద ఎడమ మూల ఒక తెల్ల గీత మిణుకుమిణుకుమంటోంది. మిగిలినదంతా నలుపే. జయసాగర్ మళ్ళీ బటన్ నొక్కి ఆపాడు, మళ్ళీ వేశాడు. ఫ్యాను తిరిగింది, కంపెనీ బొమ్మ వచ్చి పోయింది, మళ్ళీ ఆ గీతే.

"ఏమైందండీ?" అంది కృపామణి వంటింటి గుమ్మంలోంచి.

"కెర్నల్ అప్‌గ్రేడ్ చేశాను. డిస్‌ప్లే పోయింది."

కెర్నల్ అంటే కంప్యూటర్‌కి గుండెకాయ అని పెళ్ళయిన కొత్తలో అతనే చెప్పాడు. ఆ గుండెకాయని ఇవాళే మార్చాలని ఎందుకనిపించిందో అడగబోయి ఊరుకుంది. చావు కబురు వచ్చిన ఇంట్లో మనిషి చేతులు ఊరుకోవు. ఒకరు గిన్నెలు తోముతారు, ఒకరు తుడిచిన ఇల్లే మళ్ళీ తుడుస్తారు. ఈయనకి తెలిసిన పని ఇదీ అనుకుంది.

కాకినాడ నుంచి అతని చెల్లెలు సూజీ నిన్న ఫోన్ చేసింది, నాన్న ప్రభువునందు నిద్రించారని. జయసాగర్ సరే అన్నాడు. ఫోన్ పక్కన పెట్టి, కుక్కర్ కూత వేస్తోంది కట్టెయ్యమన్నాడు. విమానాల కోసం వెతికింది కృపామణే. కరోనా రెండోసారి విరుచుకుపడ్డ మే నెల అది. బెర్లిన్ నుంచి అటు వెళ్ళే దారులన్నీ మూసేశారు. ఎలాగోలా ఒక టికెట్టు కనబడితే టెస్టుకి టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, దొరకలేదు. ఆ మాట చెప్పినా అతను సరే అనే అన్నాడు. కంట్లో చుక్క రాలేదు. సూజీ వాట్సాప్‌లో పంపిన ఫొటో ఇంకా తెరవనే లేదు.

ఇక్కడి టైము ప్రకారం ఇవాళ మధ్యాహ్నం పన్నెండుకి భూస్థాపన. సమాధుల దగ్గరికి నలుగురికి మించి రానివ్వరట. అందుకే పాస్టరుగారు వీడియో కాల్ పెట్టించారు. పెట్టె దింపే ముందు పెద్దకొడుకు సాక్ష్యం చెప్పాలి, తండ్రి ఎలా బతికాడో నాలుగు మాటలు. మావయ్యగారూ తన తండ్రి పోయినప్పుడు అలాగే చెప్పారు. ఆయన తండ్రీ అంతే. పెద్దకొడుకు మాట పడకుండా ఆ ఇంట్లో ఎవరి మీదా మట్టి పడలేదు. ఆస్పత్రికి బయలుదేరుతూ కూడా మావయ్యగారు నా సంగతి జయ చెబుతాడులే అన్నారట.

"నా ఫోన్‌లో కలపనా?" అంది.

"అరచేతిలో నాన్నని చూడలేను మణీ. పెద్ద స్క్రీన్ ఉండాలి."

ఆమె ఆస్పత్రిలో నర్సు. ఇంట్లో ఉన్న కంప్యూటరల్లా ఇదొక్కటే. ఆదివారాలు ఇక్కడ షాపులు కూడా తెరవరు. అతను డబ్బా పక్క రేకు విప్పాడు. ఏదో కార్డు ఊడదీసి ఊది మళ్ళీ పెట్టాడు. వైర్లు మార్చాడు. ఊరందరి సిస్టమ్‌లూ లేపే మనిషి, తన దాకా వచ్చేసరికి కాలూ చేయీ ఆడక కూర్చున్నాడు.

పన్నెండుకి ఆమె వంటింట్లోంచి ఫోన్‌లోనే కలిసింది. పాస్టరుగారు అబ్బాయేడమ్మా అన్నారు. కంప్యూటర్ రావడం లేదండీ, ఒక్క ఐదు నిమిషాలు ఆగండి అని బతిమాలింది. వాళ్ళు ఆగారు. పాపం, తల నుంచి కాళ్ళ దాకా ప్లాస్టిక్ తొడుక్కున్న మనుషులు ఆ ఎండలో తాళ్ళు పట్టుకుని నిలబడ్డారు. గేటు దగ్గర ఇంకో పెట్టెతో బండి వచ్చి ఆగింది.

ఫోన్ పట్టుకుని గదిలోకి పరుగెత్తింది. "ఇందులోనే చెప్పెయ్యండి. వాళ్ళింక ఆగరు."

అతను బల్ల కింద తలపెట్టి ఉన్నాడు. "వచ్చేస్తోంది, ఒక్క నిమిషం," అన్నాడు తల బయటికి తీయకుండా.

ఆ నిమిషం ఎంతకీ కాలేదు. చివరికి సూజీయే చెప్పింది. ఆదివారాలు చర్చికెళ్ళే ముందు నాన్న నా చెప్పులు కూడా తుడిచిపెట్టేవాడు అని మొదలుపెట్టి, అక్కడే ఆగిపోయింది. తాళ్ళు వదిలారు. కృపామణి వంటింటి గట్టు పట్టుకుని ఏడ్చింది.

"అయిపోయిందా?" అన్నాడు జయసాగర్ గుమ్మంలోకి వచ్చి.

"అయిపోయింది."

"సరే," అని వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆమె కోపమంతా ఆ డబ్బా మీదికి మళ్ళింది. తండ్రీకొడుకుల మధ్య ఆఖరి మాటని మింగేసింది పాపిష్టిది. ఎత్తి కిందికి విసిరేద్దామనుకుంటూ ఉండగా ఆషర్ ఫోన్ చేశాడు. దగ్గర్లోని కాట్‌బస్ ఊళ్ళో చదువుకునే కుర్రాడు, వాళ్ళ ప్రార్థన గుంపులోవాడే. గ్రూపులో ఇప్పుడే చూశానక్కా, అన్నయ్య ఎలా ఉన్నాడు అన్నాడు. ఆమె ఒక్క ఊపిరిలో జరిగిందంతా చెప్పేసింది.

ఆషర్ అంతా విని, సిస్టం ఆన్ చేసి షిఫ్ట్ మీట నొక్కిపెట్టమన్నాడు. ఒక పట్టీ వచ్చింది. రెండో వరసలోకి వెళ్ళి పాత కెర్నల్ నంబరు ఎంచుకోమన్నాడు. ఎంచుకుంది. తెర వెలిగింది. ఎప్పటి బొమ్మ, ఎప్పటి ఫోల్డర్లు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఆమె కుర్చీలో కూలబడింది. రికార్డింగ్ పంపుతామన్నారు పాస్టరుగారు. అదైనా పెద్ద తెర మీద చూపించి, తండ్రికి చెప్పాల్సింది ఇప్పుడైనా చెప్పించాలనుకుంది.

"ఇంత చిన్న పనికా తమ్ముడూ! పొద్దున్నే నిన్ను అడిగినా సరిపోయేదే. తెలియక ఎంత అవస్థ పడ్డారో."

"అన్నయ్యకి తెలియకపోవడమేంటక్కా," అన్నాడు ఆషర్ మెల్లిగా. "పోయిన వారం నా సిస్టం ఇలాగే అయితే, ఫోన్‌లో చెప్పి బాగుచేయించింది తనే."

కృపామణి పడకగది తలుపు వైపు చూసింది. ఆషర్ ఇంకేదో చెప్పాలా వద్దా అన్నట్టు నసిగాడు.

"ఏ వెర్షన్ ఎక్కిస్తే నాది అలా పోయిందో, ఇవాళ పొద్దున్నే ఫోన్ చేసి అడిగాడు."