పదిహేడు ఒకట్లు

“శేషం?” అంది టీచరమ్మ, కళ్లు తెరవకుండానే.

“పదకొండు వేల నాలుగు వందల రెండు,” అన్నాడు మంచం పక్కన కూర్చున్న భర్త, ఒళ్లోని నోటుపుస్తకం మీద కలం ఆపి.

“అయితే ఇదీ కాదు.”

“ఇదీ కాదు.”

వాళ్లు భాగిస్తున్నది వరుసగా పదిహేడు ఒకట్లు వేస్తే వచ్చే సంఖ్యను. ఒకటీ, తానూ కాక దాన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్య మరొకటి ఉండి తీరుతుందని ఆమె తనతో తానే వేసుకున్న పందెం. అలాంటిది ఉంటే, అందులోంచి ఒకటి తీసేసినప్పుడు మిగిలినది ముప్పైనాలుగుతో పోవాలి. ఆ నియమంతో జల్లెడ పట్టి, భాజకాల జాబితాను స్వయంగా రాసింది. భర్త ఉద్యోగకాలంలో ఒక్క అచ్చుతప్పునూ వదలని ప్రూఫ్‌రీడరు గనుక భాగహారం ఆయన వంతు. ముప్పై ఏళ్లుగా రోజుకొకటి.

నాలుగేళ్ల కిందట జబ్బు బయటపడినప్పుడు డాక్టరు మూడు నెలలన్నాడు. “నా లెక్క తేలేదాకా చావును గుమ్మంలోనే కూర్చోబెడతాను,” అంది ఆమె. అన్నంత పనీ చేసింది. ఇప్పుడా మొండితనమే ఆమెను కాల్చుకు తింటోంది. మందులు నొప్పిని ముట్టడం మానేసి పది రోజులైంది.

“అమ్మా, ఫోనులో క్షణం పని. చూడనా?” అంది కూతురు.

“నీ మొగుణ్ణి నువ్వే వెతుక్కున్నావుగా. నా భాజకాన్ని నన్ను వెతుక్కోనీ.” నవ్వబోయింది గాని, ఆ నవ్వు సగంలోనే మూలుగైంది. కాస్త తెప్పరిల్లి భర్త మణికట్టు పట్టుకుంది. “ఏమండీ, అది అసలు విడిపోని సంఖ్యేనేమో. లేనిదాని కోసం మిమ్మల్ని ముప్పై ఏళ్లు తిప్పాను. పోదామంటే పోనూ లేను, ఉందామంటే ఓపికా లేదు. ఇంకెన్నాళ్లండీ?”

ఆయన ఆ చేతి నరాల వంక చూశాడు. తర్వాత పుస్తకంలో పుటలు తిప్పాడు.

“టీచరమ్మా, ఇంకొకటుంది, విను. ఇరవై లక్షల డెబ్భై ఒక్క వేల ఏడు వందల ఇరవై మూడు.”

“ఒకటి తీసేస్తే ముప్పైనాలుగుతో పోతుందా?”

“పోతుంది.”

“శేషం?”

“సున్నా.”

ఆమె కళ్లు తెరిచింది. “భాగఫలం చివర ఏముంది?”

“ఏడు.”

“ఏడు మూళ్లు ఇరవై ఒకటి. చివర ఒకటే వస్తుంది.” ఆమె వేళ్లు ఆయన మణికట్టును వదిలాయి. “ఇక చాలండీ.”

సాయంత్రం కాకముందే ఆమె ఊపిరి ఆగిపోయింది.

వరండాలో కూతురు ఆయన పక్కన కూలబడింది. “పోయేముందు అమ్మకు అబద్ధం చెప్పారు కదూ, నాన్నా? మీ కలం కదలనే లేదు. నేను చూస్తూనే ఉన్నాను.”

ఆయన పుస్తకం తెరిచి ఆమె చేతికిచ్చాడు. పుట నిండా భాగహారం, అడుగున సున్నా. కూతురు భాజకాన్నీ భాగఫలాన్నీ ఫోనులో గుణించి చూసింది. పదిహేడు ఒకట్లూ వరుసగా వచ్చి నిలిచాయి.

“నిజమే! మరి ఇదెప్పుడు చేశారు నాన్నా?”

ఆయన పుట పైభాగాన్ని వేలితో చూపించాడు.

అక్కడున్న తేదీ నాలుగేళ్ల కిందటిది.