గుండెలో అదనపు శబ్దం

“గురగుర ఆగితేగానీ దీని గుండె వినపడదు,” అంటూ పిల్లుల డాక్టరు కుళాయి తిప్పింది. నీళ్ల చప్పుడుకు చాలా పిల్లులు గురగుర ఆపేస్తాయి. ఇది మాత్రం హెడ్మాస్టరు కూతురి ఒళ్లో గురగురలాడుతూనే ఉంది.

“ఇలా ఇవ్వు,” అని హెడ్మాస్టరు అందుకున్నాడు. పిల్లి ఠక్కున ఆపేసింది. రిటైరైనా తన చేతి మహిమ తగ్గలేదని ఆయన మురిసిపోయాడు.

“నేను క్లాసులో అడుగుపెడితే చీమ చిటుక్కుమన్నా వినపడేదమ్మా.”

డాక్టరు స్టెతస్కోపు ఆనించి కనుబొమలు ముడిచింది. “గుండెలో ఏదో అదనపు శబ్దం ఉంది. మీరు కాసేపు బయట నిలబడతారా?”

ఎందరినో బయట నిలబెట్టిన మనిషి పావుగంట తలుపవతల నిలబడ్డాడు.

పిలిచేసరికి పిల్లి కూతురి ఒళ్లో నిద్రపోతోంది.

“ఇప్పుడు శబ్దం లేదండీ,” అంది డాక్టరు. “ఎందుకైనా మంచిది, స్కాన్ తీద్దాం. కానీ కొన్నిటికి భయంతో గుండె దడదడలాడినప్పుడే ఇది వస్తుంది.”

“భయమా? దాన్ని నేనేమన్నా కొట్టానా?”

కూతురు పిల్లి వీపు నిమురుతూ, తలెత్తకుండా అంది. “చిన్నప్పుడు నా గుండెలోనూ శబ్దం ఉందని మన బడికొచ్చిన డాక్టరు చెప్పాడు కదా నాన్నా. అప్పట్నుంచే నాచేత పరుగు పందేలు మాన్పించారు.”

“నీ మంచికేగా.”

“ఆయన స్టెతస్కోపు పెట్టినప్పుడు నా భుజం పట్టుకుని నిలబడింది మీరే.”

హెడ్మాస్టరు దగ్గరికొచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేయబోయాడు.

చెయ్యి ఇంకా తగలనేలేదు. భుజం దానంతటదే ముడుచుకుంది.