వెనక వరస గొంతు

"అమ్మాయ్, అది నీ మాటా, కాగితం మాటా?"

కార్లైల్ పట్టణంలో జరిగిన సభలో వెనక వరస నుంచి ఆ కేక వినపడగానే హాలంతా గొల్లుమంది.

వేదిక మీదున్న రొవీనా గార్‌సైడ్ మొహం జేవురించింది.

పార్టీ నాయకత్వం కోసం పోటీలో మిగిలింది ఇద్దరే. ఒకరు తను, రెండోవాడు జూలియన్ ఫెన్విక్. ఓటేసేది పార్టీ సభ్యులు. వాళ్లని మెప్పించడానికి ఇద్దరూ ఊరూరా తిరిగి, ఒకే వేదికెక్కి మాట్లాడాలి.

ఫెన్విక్ చేతిలో కాగితం ఉండదు. చొక్కా చేతులు పైకి మడుచుకుని వేదికంతా కలియదిరుగుతూ, పక్కింటాయన గోడ మీంచి కబుర్లు చెప్పినట్టు మాట్లాడతాడు.

రొవీనా కాగితం లేకుండా వేదికెక్కదు.

"కాగితం మాటే! నా మాట కావాలంటే నోరు మూసుకుని కూర్చో, చెబుతాను," అంది ఒళ్లుమండి.

తర్వాత ఏం మాట్లాడిందో ఆమెకే సరిగా గుర్తులేదు. మా ఊళ్లో కాన్పుల వార్డు మూసేశారంది. నా రెండో బిడ్డ రోడ్డు పక్కన అంబులెన్సులో పుట్టాడంది. నేను గెలిస్తే ముందు తెరిపించేది అలాంటి తలుపులేనంది.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆమె చెవుల్లో మాత్రం ఆ కేకే మోగుతూ ఉండిపోయింది.

నారిచ్‌లో మళ్లీ అదే గొంతు. బట్టతల, నీలం చారల స్వెటర్, డెబ్భై దాటిన మనిషి.

"మందుల చీటీ చదువుతున్నట్టుంది!"

"మందు నీకే అవసరంలా ఉంది పెద్దాయనా! ముందుకి రా, చెంచాతో పోస్తాను!"

హాలు నవ్వులతో ఊగిపోయింది. ఆ ఊపులో రొవీనా కాగితం పక్కన పడేసి, మనసులో ఉన్నది ఉన్నట్టు మాట్లాడేసింది. రొవీనా పుంజుకుందని మర్నాడు పత్రికలు రాశాయి.

ఎక్సెటర్‌లోనూ వదల్లేదు.

"ఊపిరి తీసుకో అమ్మాయ్! కామాలు కూడా చదివేస్తున్నావు!"

అక్కడా అతన్ని దులిపేసింది. అక్కడా చప్పట్లు మోగాయి. రైలెక్కాక మాత్రం ఆమె కుదురుగా కూర్చోలేకపోయింది.

"ఎవడు వాడు, డంకన్? ఎక్కడికెళ్లినా నా ప్రాణానికి దాపురిస్తున్నాడు!"

"ఇంకెవరు మేడమ్, ఫెన్విక్ తోలిన మనిషే," అన్నాడు ఆమె సహాయకుడు డంకన్. "ఆయన మాట్లాడేటప్పుడు వాడు ఎప్పుడైనా నోరు విప్పాడా, చెప్పండి."

నిజమే. ఫెన్విక్ మాట్లాడినంతసేపూ ఆ మనిషి చేతులు కట్టుకుని కునుకు తీస్తాడు.

ఆఖరి సభ స్కార్‌బరోలో. ఆ సాయంత్రంతో ఓటింగు అయిపోతుంది. ఇద్దరికీ తేడా వెంట్రుకవాసి అంటున్నారు. ఈ సభ చూశాకే ఆన్‌లైన్‌లో ఓటేద్దామని ఆగిన సభ్యులు వేలల్లో ఉన్నారు. టీవీల వాళ్లంతా దిగారు.

వేదిక వెనక గదిలో రొవీనా కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. బిస్కెట్ విరిచి, తినకుండానే సాసర్లో పడేసింది.

"వాడొచ్చాడా?"

"గేటు దగ్గర వరసలో నిలబడ్డాడు మేడమ్."

"లోపలికి రానీయకండి."

"టికెట్ ఉందే!"

"ఉంటే ఉండనీ! ఏదో ఒక వంక చెప్పండి. దేశమంతా చూస్తుండగా నా పరువు తీయించుకోమంటావా? ఈ ఒక్క పూటా నన్ను ప్రశాంతంగా మాట్లాడనివ్వు డంకన్!"

డంకన్ వెళ్లి, నవ్వుకుంటూ తిరిగొచ్చాడు.

"పీడ విరగడైంది మేడమ్. టికెట్ చెల్లదంటే కిక్కురుమనకుండా పక్కకి తప్పుకున్నాడు."

రొవీనా హాయిగా వేదికెక్కింది.

ఒక్క తప్పు లేకుండా చదివింది. మొదటి పేజీ అయ్యాక, తనకి తెలియకుండానే వెనక వరస వైపు చూసింది. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరో దగ్గారు.

రెండో పేజీ తిప్పింది. ముందు వరసలో ఒకావిడ హ్యాండ్‌బ్యాగులో పిప్పరమెంట్లు వెతుక్కుంటోంది. కాన్పుల వార్డు గురించి కూడా కాగితంలో ఉంది. చదివింది. అదేదో గణాంకాల్లా వినిపించింది.

చప్పట్లు మర్యాదకి మోగి ఆగిపోయాయి. తర్వాత ఫెన్విక్ లేచి, చొక్కా చేతులు మడుచుకుని, హాలంతా నవ్వించాడు.

"అయిపోయింది మేడమ్," అన్నాడు డంకన్ ఫోన్లోంచి తలెత్తకుండా. "అందరూ ఆయనకే వేస్తున్నామని రాస్తున్నారు."

ఆమె గదిలో ఉండలేకపోయింది. ఖాళీ అవుతున్న హాల్లోకి వచ్చి కుర్చీల మధ్య నడిచింది. చివరి వరసలో ఒక ముసలావిడ ఒళ్లో శాండ్‌విచ్ పొట్లంతో ఒక్కతే కూర్చునుంది.

"వాన తగ్గితే వెళ్దామనమ్మా," అందావిడ. "మా ఆయన బస్టాపులో ఉన్నాడు. ఆయన టికెట్ చెల్లదన్నారట. 'నువ్వైనా లోపలికెళ్లు, చప్పట్లకి ఒక జత చేతులైనా ఉండాలి' అని నన్ను పంపాడు."

రొవీనా ఆవిడ పక్క కుర్చీలో కూర్చుంది.

"మీ ఆయన... నీలం చారల స్వెటరా?"

"అదే. నేనల్లిందే."

"ఆయన ఫెన్విక్ మనిషి కదూ?"

ముసలావిడ ఆమెని వింతగా చూసింది.

"ఫెన్విక్ మనిషా! ఓటు కాగితం ఇంటికొచ్చిన పూటే మా విల్ఫ్ మీకు వేసి పోస్టు చేసేశాడమ్మా; 'ఈ అమ్మాయి చదివితే చప్పగా ఉంటుంది, గిల్లితే భగ్గుమంటుంది, ఎవరో ఒకరు గిల్లాలి కదే' అంటూ అప్పట్నుంచి ఊరూరా బస్సెక్కి మీ వెంటే తిరుగుతున్నాడు."